ఇంట్లో ఒక ఫోన్ ఉన్నంత మాత్రాన అందరికీ ఇంటర్నెట్ అందినట్టేనా? (బెంగళూరు తెలుగు కూలీ కుటుంబాల గురించి)

ప్రశ్న: పినాకిని, వైట్‌ఫీల్డ్

సభ్యులందరికీ నమస్కారం. వైట్‌ఫీల్డ్, కాడుగోడి, వర్తూరు చుట్టుపక్కల భవన నిర్మాణ పనులకు వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు కాగితాల పనుల్లో సాయపడే చిన్న బృందం మాది. ఈ కుటుంబాల్లో ఎక్కువమంది ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి, కొందరు కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చినవారు. కార్మిక కార్డు, ఈ-శ్రమ్ (అసంఘటిత కార్మికుల జాతీయ జాబితా) నమోదు, పిల్లల బడి దరఖాస్తు, గ్యాస్ బుకింగు, వీటిలో దేన్ని పట్టుకున్నా చివరికి ఒక ఫోన్ నంబరు, దానికి వచ్చే ఓటీపీ దగ్గర ఆగవలసి వస్తోంది.

బయటి నుంచి చూసేవారికి ఇక్కడ లోటేమీ కనిపించదు. దాదాపు ప్రతి షెడ్డులోనూ ఒక టచ్ ఫోన్ ఉంది. సర్వే చేయడానికి ఎవరైనా వచ్చి ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా అని అడిగితే ఉందనే జవాబే వస్తుంది. అయితే ఆ ఫోన్ పొద్దున్నే ఇంటాయన జేబులో పనిచోటుకు వెళ్లిపోయి చీకటి పడ్డాక తిరిగి వస్తుంది. అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి వెళ్లే ఇల్లాలి చేతిలో బటన్ ఫోన్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పగలంతా షెడ్డులో ఉండే ముసలివాళ్లకు అదీ లేదు.

ఈ మధ్య ఒకామె కార్మిక కార్డు కోసం మా దగ్గరికి వచ్చింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం ప్రకారం, 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు ఈ పనిలో ఉన్నవారు సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. ఆమె అంతకంటే చాలా ఎక్కువ రోజులే ఇటుకలూ కాంక్రీటూ మోసింది. మేస్త్రీ ద్వారా తెచ్చుకున్న పని ధ్రువపత్రాన్ని నలగకుండా ప్లాస్టిక్ కవరులో దాచుకుంది. తీరా దరఖాస్తు మొదలుపెడితే, ఆధార్‌లో ఉన్న నంబరు ఎప్పుడో ఊళ్లో నమోదు చేయించుకున్నప్పుడు ఇచ్చిన తమ్ముడి నంబరని తేలింది. ఆ తమ్ముడు సిమ్ మార్చి ఏళ్లయింది. ఇప్పుడు ఆమె ఓటీపీ ఎవరి చేతిలోని ఫోన్‌కు వెళుతోందో చెప్పగలిగినవారు లేరు. ఆమెను ఎవరూ పొమ్మనలేదు, ఏ అధికారీ దరఖాస్తును తోసిపుచ్చలేదు, పేజీ ముందుకు కదలలేదు, అంతే. అధికారి కాదంటే కారణం అడగవచ్చు, పైవారికి మొర పెట్టుకోవచ్చు. ఇక్కడ అడగడానికి ఎదురుగా మనిషే లేడు. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నది ఈ సంగతే.

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అనే ప్రశ్నకు దేశం మొత్తం మీద మగవారిలో 57.1 శాతం, ఆడవారిలో 33.3 శాతం వాడామన్నారు. ఆంధ్రప్రదేశ్ ఆడవారిలో అలా చెప్పినవారు 21 శాతమే. తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉందన్న స్త్రీలు దేశంలో 53.9 శాతం. ఆ తరువాత పరిస్థితి కొంత మెరుగుపడి ఉంటుంది గానీ, నేను షెడ్లలో చూస్తున్నది ఈ అంకెలకు మరీ దూరంగా లేదు.

మా దగ్గర ఉన్న డబ్బు తక్కువ, సమయం ఇంకా తక్కువ. మా అపార్ట్‌మెంటువాళ్లు పాత ఫోన్లు సేకరించి పంచుదామంటున్నారు. మరికొందరు ఆడవాళ్లకు ఫోన్ వాడకం నేర్పే తరగతులు పెట్టమంటున్నారు. ఇంకొందరు అవేమీ వద్దు, మనమే కూర్చుని వాళ్ల దరఖాస్తులు నింపి పెడదామంటున్నారు. ఇలాంటి పనిలో అనుభవం ఉన్నవారు ఏది ముందు చేయాలో చెప్పగలరా?

జవాబు 1: నెట్ సెంటర్ నిర్వాహకుడు, కె.ఆర్. పురం

పినాకిని గారూ, పదేళ్లకు పైగా జెరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడుపుతున్నవాడిగా చెబుతున్నాను. ఫోన్లు తరువాత పంచుకోవచ్చు, ముందు నంబర్ల సంగతి చూడండి. మనిషికి తన చేతిలో ఉండే నంబరు ఒకటి ఆధార్‌కు కలిసి ఉంటే సగం పనులు అవుతాయి, అది లేకపోతే ఎంత ఖరీదైన ఫోన్ ఇచ్చినా ఒక్క పనీ కాదు.

ఓటీపీ అన్నది మామూలు ఎస్సెమ్మెస్. దానికి టచ్ ఫోన్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, బటన్ ఫోన్ చాలు. కాబట్టి ప్రతి ఆడమనిషి పేరు మీద ఒక సిమ్, ఆమె చేతిలోనే ఉండే ఒక చిన్న ఫోన్ ఉండేలా చూడండి. ఆ తరువాత వాళ్లను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లండి. నంబరు మార్పించుకోవడానికి వేరే ధ్రువపత్రాలు అడగరు, మనిషి వచ్చి వేలిముద్ర గానీ కంటిపాప గానీ ఇస్తే చాలు. సిమెంటులో పనిచేసేవారి వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. మా దుకాణంలో చూస్తుంటాను, బొటనవేలు పడకపోతే చూపుడువేలు, అదీ పడకపోతే చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ బొటనవేలు, అలా పదివేళ్లూ అయ్యాక తమదే ఏదో తప్పన్నట్టు తల దించుకుంటారు. అలాంటివారి కోసం కంటిపాప తీసే యంత్రం వాడమని మీరే పక్కన నిలబడి అడగండి. వాళ్లంతట వాళ్లు అడగరు.

రెండో సంగతి రీచార్జి. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ధరలు పెంచిన తరువాత, ఇంట్లో రెండు మూడు నంబర్లు ఉన్నవారు ఒకదాన్నే బతికించుకుని తక్కినవి వదిలేస్తున్నారు. వదిలేసిన నంబరు కొన్ని నెలలకు వేరేవారికి వెళ్లిపోతుంది. మీరు రాసిన ఆమె తమ్ముడి నంబరు కూడా బహుశా అలా చేతులు మారిందే. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు సవరించి, డేటా లేకుండా కాల్స్‌కూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాక్ ఒకటైనా ప్రతి కంపెనీ ఉంచాలని ఆదేశించింది. అలాంటి ప్యాకులు ఇప్పుడు ఉన్నాయి, కానీ అడిగితే తప్ప దుకాణాల్లో చెప్పరు. ఎక్కువ రోజుల గడువున్నది తీసుకోమని చెప్పండి.

మూడోది మా వృత్తికే సంబంధించినది కాబట్టి ఇంకా గట్టిగా చెబుతాను. చాలా చోట్ల పని త్వరగా కావాలని దుకాణంవాళ్లు తమ నంబరునే దరఖాస్తులో వేస్తారు, పాస్‌వర్డ్ తమ పుస్తకంలోనే రాసుకుంటారు. దరఖాస్తు మంజూరైనా, ఏదైనా కాగితం తక్కువైందని సందేశం వచ్చినా ఆ మనిషికి తెలియదు, గడువు దాటిపోతుంది. తరువాత ప్రతి చిన్న పనికీ అదే దుకాణానికి వచ్చి డబ్బు కట్టాలి. నేను దరఖాస్తు సంఖ్య, వాడిన నంబరు, పాస్‌వర్డ్, మళ్లీ ఎప్పుడు చూసుకోవాలో తేదీ, ఈ నాలుగూ పెద్ద అక్షరాలతో తెలుగులో కాగితం మీద రాసి ఇస్తాను. మీరు దరఖాస్తులు నింపి పెట్టినా ఈ కాగితం మాత్రం తప్పకుండా వాళ్ల చేతికి ఇవ్వండి. లేకపోతే దుకాణం మీద ఆధారపడే బదులు మీ బృందం మీద ఆధారపడతారు, అంతే తేడా.

జవాబు 2: హంద్రి, బెళ్లందూరు

పై ఇద్దరి మాటలూ గౌరవంతోనే చదివాను, కానీ నా అభిప్రాయం కొంచెం వేరు. నేను సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నాను. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత డేటా ధర పడిపోయి, అంతకుముందు ఇంటర్నెట్ ముఖం చూడనివారు కూడా దాన్ని వాడుతున్నారు. మా వీధిలో తోపుడుబండి మీద కూరగాయలు అమ్మే ఆమె స్కానర్ పెట్టుకుంది. డబ్బు పడినట్టు పెట్టె గట్టిగా చెబుతుంది, ఆమె చదవనక్కర్లేదు. చదువు రానివారు కూడా మైకు గుర్తు నొక్కి తెలుగులో అడిగి తమకు కావలసిన వీడియో తెచ్చుకుంటున్నారు. మాటతో నడిచే సేవలు ఇంకా పెరుగుతాయి. అందువల్ల పాత ఫోన్లు పంచాలన్న మీ అపార్ట్‌మెంటువారి ఆలోచనను తేలిగ్గా తీసేయకండి. చేతిలో ఫోన్ అంటూ ఉంటే మనిషి తానే నేర్చుకుంటాడు. ఫోన్ లేనివారికి తరగతులు పెట్టి ప్రయోజనం ఉండదు.

జవాబు 3: బడిపంతులు, హొస్కోటె

హంద్రి గారూ, వీడియో తెచ్చుకోవడం, దరఖాస్తు నింపడం ఒకే విద్య కావు. వీడియో తప్పు వస్తే వేలితో తోసేసి ఇంకొకటి చూస్తాం, నష్టమేమీ లేదు. దరఖాస్తులో పుట్టిన తేదీ తప్పు పడితే ఆ తప్పు దిద్దించుకోవడానికి నెలలు తిరగాలి. తప్పు చేయడానికి భయపడేవారు, తప్పు దిద్దుకునే స్థోమత లేనివారు ఫోన్ చేతిలో ఉన్నా దరఖాస్తు జోలికి పోరు. ఫోన్ ఉందా లేదా అన్న అంతరం తీరిన తరువాత కూడా, దాన్ని వాడుకునే నేర్పులో మరో అంతరం మిగులుతుందని ఎస్టర్ హార్గిట్టాయ్ అనే పరిశోధకురాలు 2002లోనే వివరించారు. నేను బడిలో చూసినదీ అదే.

2020లో బడులు మూతపడ్డప్పుడు ఇక్కడ కర్ణాటక విద్యాశాఖ విద్యాగమ అనే కార్యక్రమం పెట్టింది. అందరి ఇళ్లలో ఫోన్లు లేవని గ్రహించి, ఉపాధ్యాయులే ఊళ్లలో, పేటల్లో గుడి అరుగుల మీద, చెట్ల కింద పిల్లలను కొద్దికొద్దిమందిగా కూర్చోబెట్టి పాఠం చెప్పాలన్నది దాని ఉద్దేశం. కరోనా వ్యాపిస్తోందన్న ఆందోళనతో ఆ అక్టోబరులో దాన్ని ఆపేశారు. ఆ తరువాత పాఠాలు మళ్లీ ఫోన్ మీదికి, దూరదర్శన్ మీదికి వెళ్లాయి. పిల్లల చదువుల తీరుపై సర్వేలు చేసే అసర్ గ్రామీణ కుటుంబాలపై చేసిన సర్వే ప్రకారం, బడి పిల్లలున్న ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, 2021 నాటికి 67.6 శాతం. మూడేళ్లలో దాదాపు రెట్టింపు. కానీ అదే సర్వేలో, ఫోన్ ఉన్న ఇళ్లలోని పిల్లల్లో కూడా 26.1 శాతం మందికి అది చేతికే అందలేదని తేలింది. పినాకిని గారి ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

ఆడపిల్లల సంగతి మరీ కష్టం. 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువతపై 2023లో అసర్ చేసిన సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన మగపిల్లల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉండగా, ఆడపిల్లల్లో 19.8 శాతం మందికే ఉంది. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన ఒక అమ్మాయి ఇంట్లో, తండ్రి పని నుంచి వచ్చాక ఆయన ఊరికి ఫోన్ చేసి మాట్లాడాలి, ఆ తరువాత అన్న ఆట ఆడుకోవాలి, అవన్నీ అయ్యాక ఫోన్ చార్జింగుకు పెట్టాలి. చార్జరు తీగ గోడకు ఎత్తులో ఉండటం వల్ల, ఆ అమ్మాయి నిలబడే నోట్సు ఎక్కించుకునేది. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. ఫోన్ ఇస్తే పిల్ల చెడిపోతుందని, ఎవరైనా మోసం చేస్తారని వాళ్ల భయం, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. మీరు తరగతులు పెడితే తల్లీ కూతురూ కలిసి వచ్చేలా పెట్టండి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్నది, తెలియని లింకు నొక్కకూడదన్నది మొదటి పాఠం చేయండి. భయం తగ్గితే ఫోన్ దానంతట అదే ఆడవాళ్ల చేతికి వస్తుంది.

మరో ఇబ్బంది ఉంది. నాలుగో తరగతి దాకా ఊళ్లో తెలుగు చదివిన పిల్లలు ఇక్కడ కన్నడ బడిలో చేరతారు. రెండు లిపులూ దగ్గరివే కాబట్టి త్వరగానే అందుకుంటారు. వాళ్ల అమ్మానాన్నలకు మాత్రం ఆ అవకాశం లేదు. పోర్టల్ కన్నడలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. దాంతో పన్నెండేళ్ల పిల్లవాడు ఆ ఇంటికి గుమాస్తా అయిపోతాడు. తండ్రి బ్యాంకు లెక్కలు, తల్లి ఆసుపత్రి చీటీలు అన్నీ వాడే చదివి చెప్పాలి, పని దినాల్లో అయితే బడి మానేసి మరీ.

జవాబు 4: చిత్రావతి, జయనగర్

నేను బ్యాంకు ఉద్యోగిని, నాకు చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సాయంతో ఈ చర్చ అంతా విన్నాను. పినాకిని గారు అడిగిన మూడింటిలో లేని నాలుగో పని గురించి రాస్తాను. అది సేవలు ఇచ్చేవారిని ప్రత్యామ్నాయ దారి అడగడం.

మనం ఎంతసేపూ పేదవారికి ఫోన్ ఎలా నేర్పాలని ఆలోచిస్తున్నాం. ఫోన్ లేకుండా కూడా పని జరిగేలా చూడవలసిన బాధ్యత ఎవరిదని అడగడం లేదు. చదువు, ఉద్యోగం, ఇంగ్లీషు, మంచి ఫోన్ అన్నీ ఉన్న నేను కూడా, బొమ్మలో అక్షరాలు చూసి టైపు చేయమనే పేజీ వచ్చిందంటే పక్కవారిని పిలవవలసిందే. కాబట్టి లోపం వాడేవారి చదువులోనే ఉందనుకోవడం సరికాదు.

2021 మే 1 నుంచి 18 ఏళ్లు దాటిన వారందరికీ కరోనా టీకా అన్నప్పుడు, 18 నుంచి 44 ఏళ్లవారు కోవిన్ అనే టీకా నమోదు వెబ్‌సైటులో ముందుగా నమోదు కావడం తప్పనిసరి చేశారు. అప్పటికి అందులో భారతీయ భాషలు లేవు. ఆ నెలాఖరులో సుప్రీంకోర్టు, డిజిటల్ అంతరం ఉన్న దేశంలో టీకాకు ఈ ఒక్క దారే ఉంచడం ఎలా సమంజసమని కేంద్రాన్ని గట్టిగా ప్రశ్నించింది. నేరుగా కేంద్రానికి వెళ్లి నమోదు చేసుకునే వీలు, తెలుగుతో సహా ఇతర భాషలు ఆ రోజుల్లోనే వచ్చాయి. 2025 ఏప్రిల్ 30న ఆసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వేసిన పిటిషన్లలో జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం, డిజిటల్ సేవలు అందుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఖాతాదారుల గుర్తింపు తనిఖీలో (కేవైసీలో) కెమెరా ముందు కన్నార్పలేనివారికి వేరే పద్ధతి ఉండాలని, కాగితం మీద ఆ తనిఖీ చేయించుకునే వీలు కొనసాగాలని ఆదేశించింది. ఇది వికలాంగుల కోసం ఇచ్చిన తీర్పే అయినా, పల్లెల్లోని వారు, వృద్ధులు, పేదలు వెనుకబడిపోతున్న సంగతిని కూడా అందులో ప్రస్తావించారు.

ప్రత్యామ్నాయం పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఈ-శ్రమ్‌నే చూడండి. ఆధార్‌కు నంబరు కలవనివారు ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలు అందించే కామన్ సర్వీస్ సెంటరులో వేలిముద్రతో నమోదు కావచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో ఆదోని కార్డు ఉన్నవారు బెంగళూరు చౌకదుకాణంలో బియ్యం తీసుకోవచ్చు, అందుకు ఫోన్ అక్కర్లేదు. వేలిముద్ర పడకపోతే సరుకు నిరాకరించకూడదని, మరో దారి చూడాలని ఆధార్ సంస్థ 2017 అక్టోబరులోనే సర్క్యులర్ ఇచ్చింది. ఆ సర్క్యులర్ ప్రతి ఒకటి దగ్గర పెట్టుకుని వెళ్లండి.

మరొక మాట. గ్రామాల్లో డిజిటల్ అక్షరాస్యత కోసం కేంద్రం 2017 నుంచి 2024 మార్చి వరకు ఒక పెద్ద పథకం నడిపింది. ఇంటికి ఒకరి చొప్పున ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాలకు నేర్పడం దాని లక్ష్యం, ఆ సంఖ్య దాటింది కూడా. కానీ అది గ్రామాలకే పరిమితం. ఊరు వదిలి బెంగళూరు వచ్చిన ఆడమనిషి ఊళ్లో ఉండదు కాబట్టి అక్కడ నేర్చుకోలేదు, ఇది నగరం కాబట్టి ఇక్కడ నేర్పలేదు. పైగా ఇంటికి ఒకరే అన్నప్పుడు ఆ ఒకరు ఎవరో ఇంట్లోవారికి వదిలేస్తే, ఎక్కువగా వెళ్లేది ఎవరో మనందరికీ తెలిసిన విషయమే. మీ తరగతులకు చోటు ఇక్కడే ఉంది.

జవాబు 5: హంద్రి, బెళ్లందూరు

బడిపంతులు గారూ, చిత్రావతి గారూ, మీరు చెప్పినవి విలువైన మాటలు. అయినా చదువురానివారికి మాటే మొదటి మెట్టు అన్న నా అభిప్రాయం మారలేదు. దరఖాస్తు పేజీ కూడా తెలుగులో మాట్లాడి ప్రశ్నలు అడిగేలా తయారు చేయడం ఇవాళ సాంకేతికంగా కష్టం కాదు, చేయించాలన్న పట్టుదల కావాలి. పినాకిని గారూ, సేకరించిన ఫోన్లను తెలుగులోకి మార్చి, అక్షరాలు పెద్దవి చేసి, అనవసరమైన యాప్‌లు తీసేసి ఇచ్చే పని నేనూ మా సహోద్యోగులూ చేస్తాం. పాత యజమానుల ఫొటోలు, ఖాతాలు పూర్తిగా చెరిపేయడం కూడా అందులో ఉంటుంది, అది మరచిపోతే రెండు వైపులా ఇబ్బందే.

ప్రశ్న అడిగినవారి జవాబు: పినాకిని, వైట్‌ఫీల్డ్

అందరికీ ధన్యవాదాలు. మా బృందంలో మాట్లాడుకుని, ముందుగా ఆడవాళ్ల పేరిట నంబర్లు, ఆధార్ అనుసంధానం చూడాలనుకున్నాం. ఆధార్ కేంద్రానికి వెళ్లడమంటే వాళ్లకు ఒక రోజు కూలి పోతుంది, ఆ కూలి మేం ఇస్తాం. పాత ఫోన్లకంటే ఈ ఖర్చే ముందు పెట్టాలని అపార్ట్‌మెంటువారిని అడుగుతాను. నెట్ సెంటర్ గారు చెప్పిన నాలుగు వివరాల కాగితాన్ని తెలుగులో అచ్చు వేయిస్తున్నాం. హంద్రి గారు తయారుచేసి ఇచ్చే ఫోన్లను మొదట తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలకు, వాళ్ల అమ్మల సమక్షంలో ఇస్తాం. నంబరు కుదరని కార్మికుల తరఫున, కాగితం మీద దరఖాస్తు తీసుకుని రసీదు ఇవ్వాలని కార్మిక శాఖకు లేఖ రాస్తున్నాం. చిత్రావతి గారూ, ముసాయిదా మీకు పంపితే చూడగలరా? తీర్పులోని మాటలు సరిగా ఉండాలి.

ఇక తరగతులకు చోటు దొరకలేదు. షెడ్ల దగ్గర కరెంటు నమ్మకం లేదు, అపార్ట్‌మెంటు హాలుకు రావడానికి వాళ్లకు సంకోచం. కర్ణాటకలో 1965 నాటి గ్రంథాలయ చట్టం కింద ఆస్తి పన్ను మీద 6 శాతం గ్రంథాలయ సెస్ వసూలు చేస్తున్నారు, ఇక్కడ ఇల్లున్న ప్రతివారూ కడుతున్నారు. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఒక బల్ల, కరెంటు, ఇంటర్నెట్ అడగడం న్యాయమేనని నా అభిప్రాయం. కాడుగోడి, హూడి, మహదేవపుర వైపు శాఖా గ్రంథాలయాల వేళలు, అక్కడి గ్రంథపాలకులను కలిసే పద్ధతి తెలిసినవారు ఎవరైనా ఉంటే ఇక్కడే రాయగలరు.